అద్దాల బీరువాలో జేబు పిస్తోళ్ళు

కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో ఉన్న మన తెలుగిళ్ళలో ఆయుధాల మాట వస్తే చాలు, అందరూ నేరుగా పాంచాలంకురిచ్చికి వెళ్ళిపోతారు. కట్టబొమ్మన, ఊమైదొర, కయత్తారులో ఉరి. అక్కణ్ణుంచి ఒక్క దూకు దూకితే తాతల కాలపు వేట తుపాకి, అడవిపంది కథలు. మధ్యలో నూరేళ్ళకు పైగా ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. అడిగినా "అప్పుడంతా తెల్లవాళ్ళ కాలం కదప్పా" అని దాటేస్తారు. ఆ నూరేళ్ళ సంగతి నాకు కొంతైనా తెలిసింది మదురైలో ఒక తుపాకి కడలో ఉన్న అద్దాల బీరువా వల్ల.

లైసెన్సు ఉన్న మనిషి పోతే ఆ ఆయుధం ఇంట్లో ఉండకూడదు. 1959 ఆయుధాల చట్టంలో 21వ సెక్షన్ దీని కోసమే. దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. మా పెదనాయన పోయాక ఆయన పేరు మీదున్న తాత పిస్తోలును అలాగే ఒక డీలరు దగ్గర పెట్టారు. పెట్టి ఊరుకుంటే కుదరదు. వారసులెవరైనా లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి, లేదా అమ్మాలి, లేదా ప్రభుత్వానికి ఇచ్చేయాలి. ఆ మాట తేల్చుకోవడానికి మా చిన్నాయన, నేను వెళ్ళాం.

తుపాకి కడ అంటే సినిమాల్లో చూపించినట్టు గోడ నిండా తుపాకులు మెరిసిపోతుంటాయని అనుకునేవాళ్ళకు చెప్పాలి, అలా ఏమీ ఉండదు. ఇనుప గ్రిల్లు, లెడ్జర్లు, నూనె వాసన. అమ్మకం కంటే భద్రపరచడమే పెద్ద పని. ఎన్నికలు వచ్చినప్పుడు జిల్లాలో ఎంతోమంది తమ ఆయుధాలు అప్పగించాలి కాబట్టి అప్పుడు మాత్రం నిలబడే చోటుండదట. పెద్దాయన లోపలికెళ్ళి మా చీటీ ఉన్న సంచీ తెచ్చారు. మాది బయటికి తీసేటప్పుడు దానితోపాటు మరో నాలుగు కూడా తీసి గుడ్డ మీద వరసగా పెట్టారు. "అన్నీ మీ తాతగారి వయసువే. చూసుకోండి, పాతవి ఇష్టపడేవాళ్ళు ఎక్కువమంది రారు" అన్నారు.

మొత్తం ఐదు. అన్నీ కోటు జేబులోనో, జుబ్బా జేబులోనో పట్టేంతవే.

మా తాతది అన్నిటికంటే చిన్నది. బెల్జియంలో లియేజ్ పక్కనున్న హెర్‌స్టాల్ ఊళ్ళో ఎఫ్.ఎన్. కంపెనీ చేసిన 6.35 మిల్లీమీటర్ల బ్రౌనింగ్. మన లైసెన్సుల భాషలో .25 బోరు. ఆ నమూనా 1900ల మొదట్లోది, 1906 మోడల్ అని పిలుస్తారు. పొడవు పదకొండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. మూత మూసిన తమలపాకుల పెట్టెలో పట్టేస్తుంది. ఆరు తూటాల మ్యాగజీన్ పిడిలోనే ఉంటుంది. బయటికి హామర్ కనిపించదు. హామర్‌ను మన పాతవాళ్ళు గుర్రం అనేవాళ్ళు, తమిళంలోనూ అదే మాట, కుదిరై. గుర్రం బయటికి ఉంటే జేబులోంచి లాగేటప్పుడు గుడ్డకు తగులుకుంటుంది. అందుకే దాన్ని తీసేసి లోపల ఒక స్ట్రైకర్ పెట్టారు. పిడి వెనక ఒక చిన్న పలక ఉంటుంది. అరచేత్తో గట్టిగా పట్టుకుంటేనే అది లోపలికి నొక్కుకుని పిస్తోలు పేలుతుంది. జేబులో ఉన్నప్పుడు పొరపాటున పేలకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. ఇలాంటివి పది లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. స్పెయిన్‌లో ఎయిబార్ ఊళ్ళో చిన్న చిన్న కార్ఖానాలు దీన్ని చూసి చేసిన నకళ్ళకైతే లెక్కేలేదు. ఆ ఐదింటిలో ఒకటి అలాంటి నకలే. మాదాని పక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి. ముద్రలు చూస్తే గానీ తేడా తెలియదు.

ముద్రలు చదవడం నేర్చుకోవడం పంచాంగం చూడడం లాంటిది. తెలిసేదాకా గీతలే, తెలిశాక కథ. లియేజ్‌లో పరీక్ష చేసిన గొట్టం మీద ఒక గుండ్రటి గీత మధ్య ఇ, ఎల్, జి అక్షరాలు, ఒక నక్షత్రం ఉంటాయి. పరీక్షించిన మనిషి గుర్తు కూడా ఒక అక్షరం, దాని నెత్తిన నక్షత్రం. బర్మింగ్‌హామ్‌దైతే కిరీటం. ఎయిబార్‌లో 1927 నుంచి ఏ యేడు పరీక్షించారో ఒక్కో అక్షరంతో చెప్పే పద్ధతి వచ్చింది. పరీక్ష అంటే మామూలు తూటా కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి చూడడం. గొట్టం పగలకపోతే ముద్ర కొడతారు. మన ఇళ్ళలో పాత పిస్తోలో తుపాకో ఉంటే దాని మీద కంపెనీ పేరు కంటే ఈ గుర్తులే ఎక్కువ నిజం చెబుతాయి. ఎందుకంటే కంపెనీ పేర్లు నకలు కొట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు.

మిగతా మూడింటిలో ఒకటి అమెరికా కోల్ట్. ముందు కాళ్ళెత్తిన గుర్రం బొమ్మ ఉంటుంది, 1903 మోడల్, .32 బోరు. ఇంకొకటి బర్మింగ్‌హామ్ వెబ్లీ అండ్ స్కాట్ వాళ్ళది, అదీ .32. ఇది చూడ్డానికి అందంగా ఉండదు. ఇటుకరాయికి పిడి తగిలించినట్టుంటుంది. కానీ లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు 1911లో తీసుకున్నది ఈ రకాన్నే. అప్పటికి కొన్ని నెలల ముందే లండన్‌లో సిడ్నీ స్ట్రీట్‌లో ఆటోమేటిక్ పిస్తోళ్ళున్న దొంగల ముందు వాళ్ళ పాత రివాల్వర్లు పనికిరాకుండా పోయాయి.

ఐదోది నేను ఎక్కువసేపు చూసినది. అది మళ్ళీ ఎఫ్.ఎన్. బ్రౌనింగే, 1900 మోడల్, 7.65 మిల్లీమీటర్లు, మన లెక్కలో .32. మాదానికంటే పెద్దది, పదిహేడు సెంటీమీటర్లు, ఏడు తూటాలు. పిడి మీద నల్లటి రబ్బరు పలక, దాని మీద ఆ పిస్తోలు బొమ్మే చెక్కి ఉంటుంది. నాకు అది కాస్త తమాషాగా అనిపించింది. వస్తువు మీద ఆ వస్తువు బొమ్మే.

దీన్ని చేసిన జాన్ బ్రౌనింగ్ అమెరికావాడు, యూటాలో ఆగ్డెన్ ఊరివాడు. తండ్రీ తుపాకుల పనివాడే. ఎఫ్.ఎన్. కంపెనీ 1889లో బెల్జియం సైన్యానికి మౌజర్ రైఫిళ్ళు చేయడానికి పుట్టింది. ఆ ఆర్డరు అయిపోయాక పని లేక కొత్త సరుకు కోసం వెతుకుతుంటే బ్రౌనింగ్ డిజైను దొరికింది. 1897లో ఒప్పందం. తరవాత పదేళ్ళలో ఫ్రెంచివాళ్ళు పిస్తోలును పిస్తోలు అనడం మానేసి బ్రౌనింగ్ అనడం మొదలుపెట్టారు. మనం వనస్పతిని డాల్డా అన్నట్టు. బ్రౌనింగ్ కూడా చివరికి 1926లో లియేజ్‌లోనే, ఎఫ్.ఎన్. కార్ఖానాలో పని మధ్యలోనే పోయాడు.

ఇంతకుముందు పిస్తోలు అంటే ఎక్కువగా నడుముకు కట్టుకుని అందరికీ కనిపించేట్టు పోయేది. సైనికుడిది, దొరది, పోలీసుది. ఈ చదునైన బ్రౌనింగ్ వచ్చాక పిస్తోలు కనిపించకుండా పోవడం సులువైంది. గుమాస్తా జేబులో, విద్యార్థి జేబులో, షావుకారు గల్లాపెట్టెలో. రాజులకూ కలెక్టర్లకూ అప్పుడు పెరిగింది భయం. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజును చంపినది కూడా ఎఫ్.ఎన్. బ్రౌనింగే, 1910 మోడల్.

మన దేశంలో ఆ భయం అంతకు ఐదేళ్ళ ముందే వచ్చింది. 1909లో సావర్కర్ లండన్ నుంచి ఇరవై బ్రౌనింగులు పంపించాడు. ఇండియా హౌస్‌లో వంటవాడిగా ఉన్న చతుర్భుజ్ అమీన్ పెట్టె అడుగున దొంగ అర చేసి వాటిని బొంబాయికి తెచ్చాడు. ఆ యేడు డిసెంబరు 21న నాసిక్‌లో కలెక్టర్ జాక్సన్ నాటకం చూడ్డానికి వెళితే, విజయానంద్ థియేటర్లో అనంత్ కన్హేరే అతన్ని కాల్చాడు. మహారాష్ట్రలో ఉన్న మన బంధువులకు ఆ థియేటర్ పేరు కొత్త కాదు.

దక్షిణాన జరిగినది మా ఊళ్ళకు ఒక కూత వేటు దూరంలో. 1911 జూన్ 17. తిరునెల్వేలి కలెక్టర్ రాబర్ట్ యాష్ భార్యతో కలిసి కొడైకెనాల్ వెళుతున్నాడు. మణియాచ్చి జంక్షన్‌లో ఫస్ట్ క్లాసు పెట్టెలో కూర్చుని, తూత్తుకుడి నుంచి వచ్చే బోట్ మెయిల్ కోసం ఎదురుచూస్తున్నారు. సెంగోట్టైవాడైన వాంచినాథన్, పాతికేళ్ళ కుర్రాడు, తిరువాన్కూరు అటవీశాఖలో ఉద్యోగి, పెట్టెలోకి ఎక్కి యాష్‌ను కాల్చాడు. ఆ తర్వాత ప్లాట్‌ఫారం మీది మరుగుదొడ్డిలోకి పరిగెత్తి అదే పిస్తోలుతో తనను తాను కాల్చుకున్నాడు. ఆ పిస్తోలు బెల్జియం బ్రౌనింగ్. ఇప్పుడు ఆ స్టేషన్ పేరు వాంచి మణియాచ్చి. చిన్నప్పుడు బండి అక్కడ ఆగినప్పుడల్లా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు, ఇక్కడే అని.

వాంచినాథన్ జేబులో దొరికిన ఉత్తరాన్ని ఇప్పుడు చదివితే మనసు ఒక్క దారిలో పోదు. అందులో స్వాతంత్ర్యమూ ఉంది, సనాతన ధర్మం మీద ఆవేశమూ ఉంది, అయిదో జార్జి పట్టాభిషేకం మీద కోపమూ ఉంది. యాష్ వైపు నుంచి చూస్తే 1908లో తూత్తుకుడి, తిరునెల్వేలి అల్లర్లను అణచిన పాలనలో అతను భాగం. వ.ఉ.చిదంబరం పిళ్ళై స్వదేశీ ఓడల కంపెనీ మట్టికరిచింది ఆ రోజుల్లోనే. నేను ఈ ఇద్దరిలో ఎవరి తీర్పరినీ కాను. నేను చెప్పేది పిస్తోలు సంగతి.

అది అంతదాకా ఎలా వచ్చింది? వాంచినాథన్ పుదుచ్చేరిలో వ.వె.సు.అయ్యర్ దగ్గర పిస్తోలు పేల్చడం నేర్చుకున్నాడని కేసులో వచ్చింది. అయ్యర్ లండన్‌లో సావర్కర్ మిత్రుడు, 1910లో పుదుచ్చేరి చేరాడు. అది ఫ్రెంచి నేల. బ్రిటిష్ ఆయుధాల చట్టం అక్కడ చెల్లదు. యానాం కూడా అప్పుడు పుదుచ్చేరి కిందిదే, 1954 దాకా ఫ్రెంచివాళ్ళదే. యానాంలో ఉన్న మనవాళ్ళు ఫ్రెంచి కాలం అనగానే వివాహాల గురించి, చౌక సరుకుల గురించి చెబుతారు. కానీ ఫ్రెంచి సరిహద్దు దాటితే చట్టమే మారిపోతుందన్నది బ్రిటిష్ పోలీసులకు ఎంత తలనొప్పో ఈ కేసు చెబుతుంది.

ఇందులో మన తెలుగువాడొకడున్నాడని చాలామందికి తెలియదు. పద్నాలుగు మంది మీద మద్రాసు హైకోర్టులో విచారణ జరిగింది. చీఫ్ జస్టిస్ ఆర్నాల్డ్ వైట్, జస్టిస్ ఎయిలింగ్, జస్టిస్ శంకరన్ నాయర్ ముగ్గురూ విన్నారు. ముద్దాయిల తరఫున నిలబడిన వకీళ్ళలో టంగుటూరి ప్రకాశం ఒకరు. తర్వాత ఆంధ్రకేసరి అయిన ప్రకాశమే. తీర్పు 1912లో వచ్చింది. నీలకంఠ బ్రహ్మచారికి ఏడేళ్ళ శిక్ష. శంకరన్ నాయర్ మిగతా ఇద్దరితో పూర్తిగా ఏకీభవించలేదు.

ఆ తర్వాత రెండేళ్ళకు, 1914 ఆగస్టు 26న, కలకత్తాలో రొడ్డా అనే తుపాకుల కంపెనీ సరుకు కస్టమ్స్ నుంచి వస్తుంటే దారిలో 50 మౌజర్ పిస్తోళ్ళు, 46 వేల తూటాలు మాయమయ్యాయి. కంపెనీ గుమాస్తానే చేశాడు. అవి జేబులో పట్టేవి కావు, పెద్దవి. అయినా తుపాకుల అంగడి మీద ప్రభుత్వం కన్ను అప్పటినుంచి మరింత పదునెక్కింది. మదురై డీలరు గారు లెడ్జర్లో ఒక్కో గీత పక్కన ఒక్కో సంతకం ఎందుకు పెట్టిస్తారో నాకు అప్పుడు అర్థమైంది.

ఇక వెనక్కు పోదాం. తాతలు చెప్పని నూరేళ్ళు.

మదురై నాయకుల కాలంలో డెబ్బై రెండు పాళెగాండ్రు అని లెక్క చెబుతారు. వాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళు, కంబళత్తు నాయకులు. పాళెం అంటేనే ఆయుధాలున్న ఊరు. మనవాళ్ళు ఆ పాళెంల చుట్టూ స్థిరపడ్డారు, కొందరు వాటి సైన్యంలో, ఎక్కువమంది పొలాల్లో. 1799 అక్టోబరులో కట్టబొమ్మనను కయత్తారులో ఉరితీశారు. 1801 మేలో పాంచాలంకురిచ్చి కోట రెండోసారి పడిపోయింది. ఆ యేడు డిసెంబరు 1న మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్ ఒక ప్రకటన వేశాడు. కోటలు కూల్చాలి, తుపాకులు, ఈటెలు అప్పగించాలి, ఇకపై ఎవరూ ఆయుధం పట్టకూడదు. పెద్ద పెద్ద కోటలు నేలమట్టమై మట్టిదిబ్బలయ్యాయి. ఎట్టయాపురం లాంటివి కంపెనీ పక్షాన నిలబడ్డాయి కాబట్టి మిగిలాయి, పాంచాలంకురిచ్చి ఊళ్ళలో వాటా కూడా పొందాయి. రెండూ తెలుగు పాళెంలే అన్నది మరిచిపోకూడదు. మనం కథ చెప్పుకునేటప్పుడు ఓడిపోయిన పాళెంలోనే మన ముత్తాతను నిలబెడతాం. గెలిచిన వైపున ఉన్నవాళ్ళకూ మనవలున్నారు కదా.

1878లో లిట్టన్ ప్రభువు ఆయుధాల చట్టం దేశమంతటికీ వచ్చింది. దేశభాషల పత్రికల నోరు నొక్కే చట్టం కూడా ఆ యేడాదిదే. భారతీయుడికి లైసెన్సు కావాలి, తెల్లవాడికి అక్కర్లేదు. ఆ తేడా మీద కాంగ్రెసు 1887లో మద్రాసు సభలోనే తీర్మానం చేసింది. అంటే దున్నపోతుల బండిలో పత్తి వేసుకుని రాత్రిపూట విరుదునగరు పోయే రైతు చేతిలో కర్ర ఉండాలి, పక్కనే పోయే దొర చేతిలో ఏదైనా ఉండొచ్చు. ఒక్క కొడగులో మాత్రం కొడవలకూ, జమ్మా భూములున్నవాళ్ళకూ ఈ లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చారు. అది ఇప్పటికీ నడుస్తూనే ఉంది, 2019లో మరో పదేళ్ళు పొడిగించారు. కర్ణాటకలో ఉన్న మనవాళ్ళు మడికేరి వెళితే పెళ్ళిళ్ళలో తుపాకులు చూసి ఆశ్చర్యపోయేది అందుకే.

మరి కలెక్టర్‌ను బ్రౌనింగ్‌తో చంపిన జిల్లాలో, పాతికేళ్ళు తిరిగేసరికి, ఒక తెలుగు రైతుకు బ్రౌనింగ్ పిస్తోలుకు లైసెన్సు ఎలా ఇచ్చారు?

మా ఇంట్లో దీనికి జవాబు చాలా కాలంగా సిద్ధంగా ఉంది. "ఆయుధం మన చేతికి కొత్త కాదు, అందుకే దొర ఇచ్చాడు" అని. ఆయుధపూజ రోజున మా జేజి ఆ పిస్తోలును అరటాకు మీద పెట్టి కుంకుమ బొట్టు పెట్టేది. నాగలి కొన, కొడవళ్ళు, తాత కళ్ళజోడు పక్కనే అది. పిల్లలం దూరంగా నిలబడి దణ్ణం పెట్టేవాళ్ళం. కట్టబొమ్మన కత్తి ఇలా ఇలా వచ్చి ఈ పిస్తోలయిందని మాకొక అభిప్రాయం ఉండేది.

పాత లైసెన్సు పుస్తకం చిన్నాయన దగ్గర ఉంది. మిగిలినవాటిలో మొదటిది 1936ది. గుడ్డ అట్ట, లోపల గళ్ళు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఆయుధం, నంబరు, ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చు, ఎంత దూరం తీసుకుపోవచ్చు. వృత్తి అన్న గడిలో రాసి ఉన్న మాట రైతు కాదు. విలేజ్ మున్సిఫ్.

మా తాత ఊరి మున్సబు అని మాకు తెలియక కాదు. అందరికీ తెలుసు. కానీ ఆ మాటనూ పిస్తోలునూ ఎప్పుడూ ఒకచోట పెట్టి చూడలేదు ఇంట్లో ఎవరూ. మున్సబు అంటే శిస్తు వసూలు చేసేవాడు, చిన్న తగాదాలు తీర్చేవాడు, ఊళ్ళో ఎవరొచ్చారో ఎవరు పోయారో తాలూకాకు కబురు పంపేవాడు. సత్యాగ్రహం రోజుల్లో ఆ కబుర్లలో ఏముండేదో ఊహించడం కష్టం కాదు. అప్పట్లో ఉద్యమంలో దిగినవాళ్ళ తుపాకి లైసెన్సులు రద్దు చేసేవాళ్ళు. ఉన్నవాడికి తీసేయడం, కావలసినవాడికి ఇవ్వడం, రెండూ ఒకే కలం చేసే పని. జేబులో పట్టే పిస్తోలు, అదీ బ్రౌనింగ్, ఆ జిల్లాలో ఎవరికి పడితే వారికి ఇచ్చే వస్తువు కాదు. ప్రభుత్వం నమ్మినవాడికే ఇస్తుంది.

ఆ మాట నేను కడలో అన్నప్పుడు చిన్నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "శిస్తు డబ్బు మూటగట్టుకుని ఒంటరిగా పోయేవాడు రా మీ తాత. దారిలో ఒకసారి కాదు, రెండుసార్లు ఆపారు. అది కూడా రాయి." సరే, రాశాను. అదీ నిజమే. ప్రాణభయం ఉన్న మనిషి అడిగాడు, నమ్మకం ఉన్న సర్కారు ఇచ్చింది. ఇందులో తాతను తక్కువ చేసేది ఏమీ లేదు. కానీ కట్టబొమ్మన కత్తి నుంచి ఈ పిస్తోలుదాకా గీసిన గీత మాత్రం నిలబడదు. ఆ కత్తిని లాక్కున్న చెయ్యే వంద సంవత్సరాలకు పైగా గడిచాక, తనకు పని చేసిపెట్టేవాడికి, తన సంతకంతో, ఎన్ని తూటాలో లెక్కపెట్టి, ఈ పిస్తోలు ఇచ్చింది. బీరువాలో ఉన్న మిగతా నాలుగింటి వెనకా ఇలాంటి గళ్ళ పుస్తకాలే ఉండి ఉంటాయి.

స్వాతంత్ర్యం వచ్చాక మా పిస్తోలు ఎక్కువ నిద్రపోయింది. తాత ఒక్కసారి కూడా మనిషి మీద ఎత్తలేదని జేజి గర్వంగా చెప్పేది. 1948 జనవరి 30న గాంధీగారిని చంపినదీ ఇలాంటి చేతిలో ఇమిడే పిస్తోలే, ఇటలీ బెరెట్టా. ఆ వార్త రేడియోలో విన్నాక తాత దాన్ని ఇనప్పెట్టె అడుక్కి నెట్టి చాలా కాలం తీయలేదట. 1980లో తమిళనాడులో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. మున్సబు పోయింది, పిస్తోలు మిగిలింది. లైసెన్సు పెదనాయన పేరు మీదకు మారింది. వృత్తి గడిలో ఈసారి పత్తి వ్యాపారం.

పాత విదేశీ పిస్తోళ్ళకు మన దేశంలో విలువ పెరగడానికి కారణం పాతదనం కాదు. 1980ల మధ్య నుంచి మామూలు మనుషులు విదేశాల నుంచి ఆయుధాలు తెప్పించుకోవడం ఆగిపోయింది. ఆనాటికి లోపలున్నవే ఉన్నవి. కాన్పూర్ ప్రభుత్వ కార్ఖానా .32 రివాల్వర్ చేస్తుంది, అది పాత వెబ్లీ రివాల్వర్ పోలికే. 9 మిల్లీమీటర్లు, .45 లాంటివి నిషేధ బోర్లు, మామూలు లైసెన్సు మీద రావు. అందుకే .32, .25 పాతవి చేతులు మారుతూ బతికాయి. ఒక చిన్న విషయం, ఇంట్లో పెద్దవాళ్ళు కలగాపులగం చేసేది: రివాల్వర్ .32 తూటా వేరు, పిస్తోలు .32 తూటా వేరు. పేరు ఒకటే, ఒకదానిది ఇంకోదాంట్లో వాడకూడదు. మా .25కు తూటాలు దొరకడమే గగనమని డీలరు గారు అన్నారు.

2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోగల ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి. అంతకుముందు మూడున్న ఇళ్ళలో ఏది వదులుకుంటారు? వేట తుపాకి పొలానికి పనికొస్తుంది. చిన్న పిస్తోలే పోతుంది. వారసుల విషయానికొస్తే, 2016 నియమాల ప్రకారం లైసెన్సుదారు బతికి ఉండగానే, డెబ్బై యేళ్ళు నిండినా, ఆ ఆయుధం పాతికేళ్ళు ఉంచుకున్నా, వారసుడి పేరు మీదకు మార్చమని అడగొచ్చు. పెదనాయన అడగలేదు. మా తరంలో ఎవరికీ అక్కర్లేదు కూడా. చెన్నైలో ఒకడు, బెంగుళూరులో ఇద్దరు, ఫ్లాట్లలో పిల్లలతో ఉండేవాళ్ళు. నిజం చెప్పాలంటే ఇంట్లో పిస్తోలు లేకపోవడమే మంచిదని నా ఉద్దేశం. పేలే స్థితిలో ఉన్నంతకాలం అది ఆయుధమే. పాతది కదా అని షోకేసులో పెట్టుకోవడానికి లేదు, పేలనూ పేలక, బాగుచేసినా పేలని వస్తువుకే చట్టం ఆ సడలింపు ఇస్తుంది.

కాబట్టి అది అమ్ముడుపోతుంది, లేదా సర్కారుకు పోతుంది. పోయేముందు డీలరు గారి అనుమతితో, ఆయన చేతిలోనే ఉంచి, అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాను. గొట్టం మీది లియేజ్ గుర్తు, నంబరు, పిడి మీది ఎఫ్.ఎన్. అక్షరాలు, అరచేతి పలక దగ్గర నికెల్ అరిగి ఇత్తడి రంగుకు తిరిగిన చోటు. లైసెన్సు పుస్తకాలు నాలుగూ స్కాన్ చేశాం. 1936 పుస్తకంలో ప్రతి రెన్యూవల్ పక్కన తాత సంతకం ఉంది. మొదట్లో తెలుగు, 1950ల నుంచి తమిళం. మా ఇంట్లో తాత చేతి తెలుగు రాత మిగిలింది ఆ పేజీల మీదే.

మీ ఇళ్ళలో కూడా ఇలాంటి పుస్తకం ఎక్కడో ట్రంకుపెట్టెలో ఉండొచ్చు, పిస్తోలు ఎప్పుడో పోయినా సరే. దొరికితే వృత్తి అన్న గడి చూడండి, సంతకం ఏ భాషలో ఉందో చూడండి. నాకు రాయండి. తిరునెల్వేలి, రామనాథపురం జిల్లాలవి ముందుగా కావాలి, ఎందుకంటే ఆ పాత 1900 మోడల్ బ్రౌనింగ్ చీటీ మీద రామనాథపురం అని ఉంది. దాని తాలూకు మనుషులు చాలా కాలంగా రాలేదట.